హరామ్ పెట్టెలో లేదు, బేరంలో ఉంది



ఈసారి రాసేది కొందరికి కారంగా తగలొచ్చు. తగలనివ్వండి.

మన మొహల్లాల్లో షాదీ అంటే ఇప్పుడు బారాత్ ముందు ఒక బండి నడవాలి. దాని మీద మనిషెత్తు సౌండు బాక్సులు, వెనక జనరేటరు. ఆ దడదడకి కిటికీ రెక్కలు కొట్టుకుంటాయి. గుండె జబ్బున్న బుజుర్గులు తలుపులేసుకుని లోపలి గదిలోకి పోతారు. ఇషా నమాజుకి బయల్దేరినవాళ్ళు సందు మార్చుకుని పోతారు. దానికి ఎన్ని వేలు పోశారని అడిగే మొనగాడు లేడు. బాక్సులు తగ్గితే మాత్రం "ఇంతేనా భాయ్, మరీ ఇంత కంజూసా" అని అడుగుతారు.

అదే ఖాన్‌దాన్‌లో ఒక పిల్లాడు "నాకొక పాత హార్మోనీ పెట్టె కొనిపెట్టండి" అన్నాడనుకోండి. అప్పటిదాకా కనపడని ఆలిములందరూ ఒక్కసారే పుట్టుకొస్తారు. ఒకరు హరామ్ అంటారు, ఒకరు మీరాసీల పని అంటారు, ఇంకొకరు నాటకాలోళ్ళ సామాను మన ఇంట్లోకా అంటారు. ఈ ముగ్గురూ ఆ బారాత్ బండి ముందు రుమాలు తిప్పినవాళ్ళే.

నా కళ్ళ ముందు జరిగింది కాబట్టి చెబుతున్నాను. మా ఆపా వాళ్ళది నరసరావుపేట. ఆమె చిన్నకొడుకు ఎనిమిదో తరగతి. వాడికి ఫోన్‌లో పాత హిందీ సినిమాలు చూసే పిచ్చి ఎలా అంటుకుందో తెలియదు (నేనే అంటించానని ఆపా అనుమానం). "సంగం"లో రాజ్‌కపూర్ భుజాలకి తగిలించుకుని వాయించే అకార్డియన్ చూశాడు. అప్పట్నించి అదే జపం. "మామూ, కొత్తది ఖరీదు చూశాను, మనవల్ల కాదు. పాతదైనా సరే, మంచిదైతే చాలు" అన్నాడు. పాతదైనా సరే, మంచిదైతే చాలు. ఇంత అఖల్ ఆ ఇంట్లో పెద్దవాళ్ళెవరి నోట్లోంచీ రాలేదు. దూల్హాభాయ్ చైనా కీబోర్డు కొందామన్నాడు, వారంటీ ఉంటుందట. బడే అబ్బా తౌబా తౌబా అని చెవులు పట్టుకున్నారు.

సరే, అకార్డియన్ సంగతి ముందు తేల్చాలి. సెకండ్ హ్యాండ్‌లో దొరక్కపోదు. జర్మనీ హోనర్, వెల్ట్‌మైస్టర్ లాంటివి పెద్ద నగరాల్లో అమ్మకానికి వస్తుంటాయి. ఫోటోలో ముత్యాల పెట్టెలా మెరుస్తాయి. కానీ అకార్డియన్ లోపల రీడ్లు ఎలా నిలబడతాయో తెలుసా? చాలావాటిలో తేనెమైనం, గుగ్గిలం కలిపిన మైనంతో చెక్క దిమ్మెలకి అతికిస్తారు. ఆ మైనం పాతబడితే పెళుసెక్కి పగులుతుంది, వేడెక్కితే మెత్తబడి రీడ్లు జారతాయి. మనం ఉన్నది ఎక్కడ? ఎండాకాలం వస్తే పేపర్లో మొదటి పేరు మన రెంటచింతలదే. ఐరోపా చలికి కట్టిన పెట్టెని తెచ్చి మే నెలలో రేకుల కప్పు కింద పెడితే దానికి జహన్నమ్ ఇక్కడే కనపడుతుంది.

ఇంకో హిసాబ్ చెబుతాను. పూర్తి సైజు అకార్డియన్‌కి కుడివైపు 41 మెట్లు. ఒక్కో మెట్టుకి మూడు వరుసల రీడ్లుంటే, ఒక్కో రీడు పలకకి రెండు నాలుకలు. తిత్తి తెరిచేటప్పుడు ఒకటి పలుకుతుంది, మూసేటప్పుడు ఇంకొకటి. అంటే కుడిచేతి వైపే 246 నాలుకలు. ఎడమచేతి బొత్తాల సంగతి వేరే. ఇవి శృతి తప్పితే సరిచేసే ఉస్తాద్ నేను వెతికినంతలో మాచర్ల నుంచి గుంటూరు దాకా ఒక్కడూ దొరకలేదు. మంచి పాత అకార్డియన్ కావాలంటే ముందు దాన్ని బాగుచేసే మనిషి దగ్గర్లో ఉండాలి. లేనప్పుడు ఎంత మంచిది కొన్నా రెండేళ్ళకి బీరువా మీద బొమ్మ. పిల్లాడికి ఇదంతా చెప్పాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ అర్థం చేసుకున్నాడు.

హార్మోనియం దాని సగీ బెహనే. అకార్డియన్‌కి 1829లో వియన్నాలో డెమియన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. హార్మోనియాన్ని 1840ల్లో పారిస్‌లో దుబైన్ అనే ఆయన కట్టాడు, అది కాళ్ళతో తొక్కేది. 1875లో కలకత్తాలో ద్వార్కిన్ కంపెనీ పెట్టిన ద్వారకానాథ్ ఘోష్ నేల మీద కూర్చుని ఒక చేత్తో గాలి కొట్టే పెట్టెగా దాన్ని మార్చాడు. రెండింట్లోనూ సూత్రం ఒకటే, తిత్తి గాలి తోస్తుంది, సన్నటి లోహపు నాలుక అదురుతుంది. కాకపోతే మన పెట్టెలో రీడ్లని మైనంతో అతికించరు, మరలతో బిగిస్తారు. 42 మెట్లు, రెండు వరుసలు అనుకుంటే మొత్తం 84 రీడ్లు, ఒక్కోదానికి ఒక్కటే నాలుక. రీడు పోతే గుజరాత్ పాలిటానా రీడ్లు దొరుకుతాయి. విప్పడానికి ఒక స్క్రూ డ్రైవర్ చాలు.

గుంటూరులో ఒక దుకాణానికి వెళ్ళాం. పేరెందుకులెండి. కొత్తది, రెండు వరుసల రీడ్లది, 18,000 అన్నాడు. పాతవేమన్నా ఉన్నాయా అంటే ఒకటి తీశాడు. అద్దంలా మెరుస్తోంది. "జర్మన్ రీడ్ సార్, ఈరోజుల్లో రాదు" అన్నాడు. పాత పెట్టె అమ్మే ప్రతివాడి నోట్లో ఈ జర్మన్ రీడ్ అనే మంత్రం ఉంటుంది. పై పలక తీయమన్నాను. సీలు పోతుందన్నాడు. పాత పెట్టెకి సీలేమిటి మియా అని తీయించాను. లోపల రీడ్ల మీద పచ్చగా చిలుము. నాలుకల మొదళ్ళ దగ్గర ఆకురాయితో గీకిన గీతలు, ఒకదాని మీద ఒకటి. బయట మాత్రం కొత్త వార్నిష్.

ఆ గీతలు ఏం చెబుతాయో తెలుసుకోండి, ఎవరికైనా పనికొస్తుంది. రీడు నాలుకని కొస దగ్గర గీకితే శృతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. ఒకటి రెండుసార్లయితే ఫరవాలేదు. గీకి గీకి మొదలు పల్చనైపోయిన రీడు ఒకరోజు పాట మధ్యలో పుటుక్కున విరుగుతుంది. ఆ సంగతి దుకాణం వాడికి తెలియదా? తెలిసే వార్నిష్ కొట్టాడు.

ఇక్కడ నాకు హరామ్ అనే మాట గుర్తొచ్చింది. మన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం బజారులో ధాన్యం రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలిన సంగతి సహీ ముస్లింలో ఉంది. తడిసిన గింజల్ని పైన పెట్టకుండా లోపల దాచిన వ్యాపారిని ఆయన ఏమన్నారో మదరసాలో నాలుగు రోజులు కూర్చున్న పిల్లాడిని అడిగినా చెబుతాడు. వార్నిష్ కింద చిలుము దాచడం ఆ తడి ధాన్యమే. మన ఫిఖ్‌లో ఖియార్-ఎ-ఐబ్ అని ఒక హక్కు ఉంది. అమ్మినవాడు దాచిన లోపం తర్వాత బయటపడితే కొన్నవాడు సరుకు తిప్పి ఇచ్చేయొచ్చు. బండి కొన్నప్పుడు, బర్రె కొన్నప్పుడు, పాత ఫ్రిజ్ కొన్నప్పుడు ఈ హక్కు మనలో ఎంతమంది అడుగుతాం? ఎంతమంది ఇస్తాం? వాద్యం హరామా హలాలా అని గంటలు గంటలు వాదించే నోళ్ళు ఈ మసలా దగ్గరికి వచ్చేసరికి మూతపడతాయి.

ఆ తర్వాత నెలకి గురజాల వైపు ఒక ఊళ్ళో పెట్టె ఉందని తెలిసింది. పద్యనాటకాలకి హార్మోనీ వాయించిన ఒక సాయిబు ఇంతెఖాల్ అయ్యారు. మీలో చిన్నవాళ్ళకి పద్యనాటకమంటే ఏమిటో తెలియకపోవచ్చు. కోటప్పకొండ తిరునాళ్ళలోనూ, సంక్రాంతికి ఊళ్ళల్లోనూ తెల్లవార్లూ ఆడేవారు. కృష్ణుడి వేషం ఎవరు వేసినా, ఆయన గొంతెత్తే ముందు రాగం అందించి, పద్యం అయ్యాక ఆ రాగాన్ని ఇంకాస్త సాగదీసి జనంతో వన్స్‌మోర్ అనిపించేది హార్మోనిస్టే. మన మీలాద్‌కి నాత్ చదివే పిల్లలకి కూడా ఆ పెద్దాయన శృతి పట్టుకోవడం నేర్పేవారట.

నేనూ దూల్హాభాయ్, పిల్లాడూ వెళ్ళాం. చాచీ ఇద్దత్ ముగిసి నెల కూడా కాలేదు. కొడుకు హైదరాబాద్‌లో ఏదో పని. పెట్టె గోనెసంచిలో కట్టి వసారాలో ఉంది. పాత సామాన్లవాడు అప్పటికే రెండుసార్లు వచ్చి చూసి పోయాడట. లోపలి ఇత్తడికి, పైన చెక్కకి కలిపి 700 ఇస్తానన్నాడు. కాటా మీద తూచి మరీ.

పెట్టె బయటికి తీశాం. చిన్నప్పుడు నాటకాలోళ్ళ వెనక తిరిగిన పుణ్యాన చూడటం నాకు కొంత తెలుసు. పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ వాడితోనే చేయించాను. ముందు స్టాపర్లన్నీ మూసి, తిత్తి కొట్టి, గాలి నింపి వదిలెయ్యి. లోపలి తిత్తి వెంటనే దిగిపోతే ఎక్కడో చిల్లు. మెల్లగా దిగితే మంచిదే. ఇప్పుడు స్టాపర్లు తెరువు, ఏ మెట్టూ నొక్కకుండా గాలి కొట్టు. ఏదైనా స్వరం దానంతటదే మోగుతోందా? మోగితే ఆ మెట్టు కింద తోలో ఉన్నిగుడ్డో పోయిందని. ఇక ఒక్కో మెట్టూ చాలా నెమ్మదిగా, తక్కువ గాలితో నొక్కు. గట్టిగా కొడితే ఏ రీడైనా పలుకుతుంది, చిన్న గాలికి పలికేదే ఆరోగ్యంగా ఉన్న రీడు. తర్వాత కింది స, పై స కలిపి నొక్కి విను, శబ్దం అలలాగా ఊగుతోందా? ఊగితే శృతి తేడా. ఫోన్‌లో శృతి చూసే ఆప్ ఉంది కదా, దాంతో సరిపోల్చు. అన్ని రీడ్లూ సమానంగా తగ్గి ఉంటే దిగులు లేదు, పాత పెట్టెలు అలాగే ఉంటాయి. ఒకటి పైకి ఒకటి కిందికి ఉంటేనే పని ఎక్కువ. చివరికి కింద చెక్క తట్టి చూడు, సన్నటి పొడి రాలితే పుచ్చు. పుచ్చు పట్టిన పెట్టెని ఊరికే ఇచ్చినా ఇంటికి తేకూడదు, ఇంట్లో మంచాలు కూడా తింటుంది.

ఈ పెట్టెకి పుచ్చు లేదు. మూడున్నర స్థాయిలు, 42 మెట్లు, రెండు వరుసలు. రీడ్ల మీద దుమ్మే గానీ చిలుము లేదు. ఆకురాయి గీతలు అక్కడక్కడా, అవీ పల్చగా. రెండు మెట్లు మూగవి, ఒకటి ఈల వేస్తోంది, తిత్తి మడత దగ్గర గుడ్డ చిరిగింది. మూత లోపలివైపు ఒక కాగితం అతికించి ఉంది. ఏ వేషగాడిది ఏ శృతి అని పెన్సిల్‌తో రాసుకున్నారు. ఒకటిన్నర, రెండు, నాలుగు. కొన్ని పేర్లు కొట్టేసి ఉన్నాయి, వాళ్ళు మానేశారో పోయారో.

పిల్లాడు ఆ కాగితాన్ని చదువుతుండగా చాచీ తలుపు వెనక నుంచి అన్నారు, "రెండు వేలు ఇస్తే చాలు బేటా, ఆయన వస్తువు కాటా మీదికి పోకుండా ఉంటే అంతే చాలు."

దూల్హాభాయ్ నా కాలు తొక్కాడు. సరే అనెయ్యి అని.

నేను అనలేదు. కాస్త ఆలోచించి చెబుతామని బయటికి తీసుకొచ్చాను. అక్కడ వేపచెట్టు కింద మా ఇద్దరికీ జరిగిన వాదనే ఈ వ్యాసానికి మూలం. దూల్హాభాయ్ చెడ్డవాడు కాదు, ఐదు పూటలా నమాజీ, జకాత్ పైసా లెక్కతో ఇస్తాడు. ఆయన మాట ఇది: "ఆమె ధర ఆమే చెప్పింది. మనం మోసం చేయలేదు. పాత సామాన్లవాడికంటే మూడింతలు ఇస్తున్నాం. ఇరువైపులా రజామందీ ఉంది. షరీఅత్‌లో బేరానికి ఇంకేం కావాలి?"

బలమైన మాటే. మనలో నూటికి తొంభైమంది ఇదే అంటారు. కానీ రజామందీ అంటే ఏమిటి? ధర తెలిసినవాడు ఒప్పుకుంటే దాన్ని రజామందీ అంటాం. తెలియనివాడు ఒప్పుకుంటే? మన హదీసుల్లో తలఖ్ఖీ అని ఒక నిషేధం ఉంది. పల్లెల నుంచి సరుకు తెచ్చే ఖాఫిలాలు బజారు చేరకముందే కొందరు దళారులు ఎదురెళ్ళి, బజారు ధర తెలియని ఆ మనుషుల దగ్గర దారిలోనే కొనేసేవారు. దాన్ని రసూలుల్లాహ్ వద్దన్నారు. ఆ పల్లెటూరివాళ్ళు కూడా సంతోషంగానే అమ్మేవాళ్ళు కదా? వాళ్ళ నోటితో వాళ్ళే ఒప్పుకునేవాళ్ళు కదా? అయినా వద్దన్నారు. ఎందుకంటే ఒకడికి ధర తెలుసు, ఇంకొకడికి తెలియదు.

గుమ్మం ముందుకి కాటా తీసుకొచ్చే పాత సామాన్లవాడు ఎవరు మరి? ఇద్దత్ ముగిసి నెల కూడా కాని బేవా గుమ్మంలో నిలబడి, జేబులో 18,000 అనే దుకాణం ధర పెట్టుకుని, రెండు వేలకి సరే అనబోయిన మేమెవరం? మేమూ ఆ ఖాఫిలాకి ఎదురెళ్ళిన దళారులమే, తెల్ల జుబ్బాలు వేసుకున్న దళారులం.

"అలాగైతే ఇక సెకండ్ హ్యాండ్ వస్తువు బేరమే ఆడకూడదా" అన్నాడు దూల్హాభాయ్. ఆడండి. గుంటూరు దుకాణం వాడితో గంటసేపు ఆడండి, వాడికి తన సరుకు తెలుసు, మీకు మీ జేబు తెలుసు, అల్లా ఇద్దరికీ బర్కత్ ఇస్తాడు. ధర తెలియని మనిషితో మాత్రం ముందు ధర చెప్పి తర్వాత ఆడండి. అంతే తేడా. నా వరకు ఇందులో ఇంకో మాటకి చోటు లేదు.

చాచీకి చెప్పాం. కొత్తది ఇంత, దీనికి రిపేరు సుమారు ఇంత, కొత్తదాన్లో సగం ఇవ్వగలం, మీకు ఇష్టమైతేనే, కావాలంటే అబ్బాయికి ఫోన్ చేసి కనుక్కోండి. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. కొడుకుతో మాట్లాడారు. 9,000కి ఖరారైంది. రిపేరు 3,500 మా నెత్తిన. లెక్కేసుకోండి, మొత్తం 12,500. పోయిన రబీఉల్ అవ్వల్ తర్వాత మా ఖాన్‌దాన్‌లో జరిగిన షాదీకి డీజే ఒక్కదానికే ఇచ్చింది 40,000. ఆ పైసలు నాలుగు గంటల్లో గాలిలో కలిశాయి.

ఇప్పుడు బడే అబ్బా దగ్గరికి వస్తాను. ఆయనకి అదబ్‌తోనే చెబుతున్నాను. వాద్యాల విషయంలో ఇఖ్తిలాఫ్ ఉంది, అది ఈరోజుది కాదు. నాలుగు మస్లక్‌లలోనూ ఎక్కువమంది ఉలమా వాద్యాలు వద్దన్నారు, దీన్ని నేను దాచను. ఇబ్న్ హజ్మ్ లాంటివారు ఆ రివాయతుల్ని ఒప్పుకోలేదు. ఇమామ్ గజాలీ ఇహ్యా ఉలూముద్దీన్‌లో సమా గురించి ఒక కితాబే రాశారు, పాట దానంతటది హరామ్ కాదన్నారు, అయితే తాగుబోతుల మజ్లిస్‌లకి గుర్తైన కొన్ని వాద్యాల్ని ఆయనా వద్దన్నారు. చిష్తీ దర్గాల్లో ఖవ్వాలీ శతాబ్దాలుగా ఉంది, ఇప్పుడు ఆ ఖవ్వాలీలో ముందు వరసలో కూర్చునేది హార్మోనియమే. హైదరాబాద్ ఖవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఎవరైనా తఖ్వాతో ఏ వాద్యమూ నా ఇంట్లో వద్దంటే ఆయన ముందు నేను తల వంచుతాను. ఒకటే షర్తు, ఆయన మనవడి బారాత్‌లో కూడా అదే మాట నిలబడాలి. అక్కడ నోరు మూసుకుని, పదమూడేళ్ళ పిల్లాడి ముందు మాత్రం ఫత్వా తీసే తఖ్వాకి నేను తల వంచలేను.

ఇంకో సంగతి బడే అబ్బాకి నవ్వు తెప్పించింది. హార్మోనియం మీద ఫత్వా మన మస్జిద్‌లకంటే గట్టిగా ఢిల్లీ నుంచి వచ్చింది! 1940 మార్చి 1 నుంచి ఆల్ ఇండియా రేడియో ఆ వాద్యాన్ని వెలివేసింది. స్వరాన్ని వంచలేదు, గమకం పలకదు, పైగా పరదేశీది అని వాళ్ళ వాదన. 1971లో గానీ సడలించలేదు. ముప్పై ఏళ్ళు రేడియోలో హరామ్, నాటకం పందిట్లో హలాల్.

మీరాసీల పని, నాటకాలోళ్ళ పని అన్నవాళ్ళకి మాత్రం నవ్వుతూ చెప్పలేను. ఈ పల్నాడులో కూర్చుని ఆ మాట అనడానికి నాలుక ఎలా వస్తుంది? పొన్నెకల్లులో 1920లో ఒక పింజారి ఇంట్లో పుట్టిన షేక్ నాజర్ సాహెబ్ మన నరసరావుపేటకే వచ్చి మురుగుళ్ళ సీతారామయ్య గారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. పల్నాటి యుద్ధాన్ని బుర్రకథగా ఊరూరా వినిపించింది ఆయనే. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. తన జీవితకథకి "పింజారి" అని పేరు పెట్టుకున్నారు, సిగ్గుపడి దాచుకోలేదు. చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర నాదస్వరం నేర్చుకున్న కరవది పిల్లాడు షేక్ చినమౌలానా సాహెబ్ శ్రీరంగం దాకా వెళ్ళి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అయ్యారు. తరతరాలుగా గుళ్ళ ముందు నాదస్వరం ఊదిన సాయిబుల ఇళ్ళు మన జిల్లాలో, పక్క జిల్లాలో ఇప్పటికీ ఉన్నాయి. మన దాదాల హునర్‌కి లోకం సలామ్ కొట్టింది, మనం ఆ హునర్ తాలూకు పెట్టెల్ని కిలోల లెక్కన అమ్ముతున్నాం. అమ్మి, ఆ పైసలతో బ్లూటూత్ స్పీకర్ కొంటున్నాం.

కీబోర్డు సంగతి కూడా ఒక్క మాట. దూల్హాభాయ్ అన్న చైనా కీబోర్డులో రెండు వందల రకాల చప్పుళ్ళుంటాయి, పిల్లాడు వారం రోజులు బొత్తాలు నొక్కి ఆడుకుంటాడు. హార్మోనీలో ఉన్నది ఒక్కటే చప్పుడు, దానికి గాలి కూడా వాడే పొయ్యాలి. పాడుతూ తన గొంతు ఎక్కడ తప్పుతోందో వాడికి వినపడేది అక్కడే. కరెంటు పోయినా మోగుతుంది. మన ఊళ్ళల్లో ఇది చిన్న విషయమా?

రిపేరు ఉస్తాద్ పెట్టె చూడగానే, "పైన గీకించి పాలిష్ కొట్టించేద్దాం, మూతలో ఆ కాగితం కూడా తీసేద్దాం, కొత్తదానిలా ఉంటుంది" అన్నాడు. పాలిష్ వద్దన్నాను. కాగితం జోలికి అసలు పోవద్దన్నాను. చెక్క తడిగుడ్డతో తుడిస్తే చాలు. డబ్బు పెట్టాల్సింది తిత్తి గుడ్డకి, మెట్ల కింద ఉన్నికి, ఆ మూడు రీడ్లకి. పైకి పెట్టే ప్రతి రూపాయీ లోపలికి పెట్టాల్సిన రూపాయిని తినేస్తుంది. ఈల వేసే రీడు మార్చాల్సిన పని లేకుండానే పోయింది, నాలుక కింద దుమ్ము ఇరుక్కుందంతే. మూగ మెట్లలో ఒకదానికి మాత్రం కొత్త రీడు పడింది. అది చుట్టుపక్కల రీడ్లకంటే కాస్త బిగ్గరగా పలుకుతోంది. అలవాటు పడాలి, పిల్లాడూ రీడూ ఇద్దరూ.

దూల్హాభాయ్ ఇప్పటికీ 7,000 ఎక్కువ ఇచ్చామనే అంటాడు. అననివ్వండి.

మీ ఇళ్ళల్లో, మీ నానా దాదాల ఇళ్ళల్లో అటక మీద ఏదైనా పెట్టె ఉంటే దించి చూడండి. ఎలుకలు తిత్తి కొరికి ఉంటాయి, భయపడకండి, గుడ్డ మార్చొచ్చు. అమ్మదలిస్తే దుకాణంలో కొత్తది ఎంతో కనుక్కుని అమ్మండి. కొనదలిస్తే ఆ ధర ముందు ఇంటివాళ్ళకి చెప్పి కొనండి. గుమ్మం ముందు కాటా కనపడితే మాత్రం ఒకటి రెండు రోజులు ఆగమనండి. రెంటచింతలలో ఒక ఇంట్లో కాళ్ళతో తొక్కేది ఒకటి ఉందని మొన్ననే తెలిసింది, వసారాలో ఎండకి పడి ఉందట. చెక్క పగలకముందే వెళ్ళాలి. ఇన్‌షా అల్లాహ్, వచ్చే జుమా తర్వాత బయల్దేరుతున్నాను.